పాదసూచికల పటంలో ఒక తెలుగు పేరు

పరిశోధన వ్యాసం చివర చిన్న అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది. ఏ పుస్తకాన్ని, ఎవరి వ్యాసాన్ని ఆధారం చేసుకొని రచయిత తన మాట చెప్పాడో ఆ పట్టిక చెబుతుంది. దీన్నే ఉటంకింపుల పట్టిక అంటున్నాం. ఇంగ్లీషులో సైటేషన్ అనే మాట ఇప్పుడు మనకూ అలవాటైంది. సాధారణ పాఠకుడు ఈ పట్టిక దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసేస్తాడు. నాకు మాత్రం మొదటినుంచీ దానిమీద ఆసక్తి. నేను కామర్సు చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. సైన్సులోని లోతులు నాకు తెలియవు. కానీ ఎవరు ఎవరికి ఎంత బాకీ ఉన్నారో చూపే కాగితం కనబడితే చదవకుండా ఉండలేను. ఉటంకింపుల పట్టిక అటువంటి కాగితమే. విద్యాలోకపు అప్పుల పద్దు అది.

ఈ పద్దులను లక్షల సంఖ్యలో పోగుచేసి, ఏ వ్యాసానికి ఏ వ్యాసంతో సంబంధమో గీతలతో బొమ్మగా చూపే కంప్యూటర్ ప్రోగ్రాములు గత మూడు దశాబ్దాలలో చాలా వచ్చాయి. వాటి చరిత్రను మన భీమవరంలో పుట్టిన ఒక శాస్త్రవేత్త పేరు పట్టుకొని చెప్పుకుంటే మనవారికి తేలికగా అర్థమవుతుందని నా నమ్మకం. ఆయన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

సుబ్బారావు గారు 1895లో జన్మించారు. మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని దగ్గర పనిచేశారు. 1925లో వారిద్దరూ కలిసి జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో 375వ పుట నుంచి ఒక వ్యాసం ప్రకటించారు. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతి అందులో ఉంది. ఫాస్ఫేటును మాలిబ్డేటుతో కలిపి, మరొక రసాయనంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ రంగు ఎంత గాఢంగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ అన్నమాట. సూత్రం వింటే ఇంతే. కాని కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నదని 1927లోను, ప్రాణికోటికి శక్తినిచ్చే ఏ.టి.పి.ని గురించి 1929లోను వారిద్దరూ ప్రకటించగలగడానికి మూలం ఈ కొలతే.

కొలిచే పద్ధతి చెప్పిన వ్యాసానికి ఒక విశేషం ఉంది. ఆ పద్ధతిని వాడిన ప్రతివాడూ దాన్ని ఉటంకించక తప్పదు. అందుకే ఫిస్క్, సుబ్బారావుల వ్యాసం ఇరవయ్యో శతాబ్దంలో అతి ఎక్కువగా ఉటంకింపబడిన వ్యాసాలలో ఒకటిగా నిలిచింది. సుబ్బారావు గారు 1948లో కన్నుమూసిన తరువాత కూడా దశాబ్దాలపాటు ప్రయోగశాలల్లో ఆ పద్ధతి నడిచింది. ఇంత పేరు ఉటంకింపుల పద్దులో ఎలా నమోదైందన్నదే ఇక్కడ ప్రశ్న.

ఈ పద్దు పుట్టింది ప్రయోగశాలలో కాదు, కోర్టు గుమ్మంలో. అమెరికాలో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన 1873లో వకీళ్ల కోసం ఒక సదుపాయం మొదలుపెట్టాడు. ఒక పాత తీర్పును తరువాతి ఏ తీర్పులు ప్రస్తావించాయి, దాన్ని నిలబెట్టాయా, కొట్టివేశాయా అన్న సంగతి చిన్న జిగురు చీటీల మీద అచ్చువేయించి, తీర్పుల పుస్తకాల అంచుల్లో అంటించుకోవడానికి అమ్మేవాడు. కొట్టివేసిన తీర్పును చూపి వాదించే వకీలు నవ్వులపాలవుతాడు గదా! ఆ చీటీలే తరువాత షెపర్డ్స్ సైటేషన్స్ అనే పెద్ద పుస్తకాలయ్యాయి.

సైన్సులోకి ఈ పద్ధతిని తెచ్చినవాడు యూజీన్ గార్‌ఫీల్డ్. 1950లలో జాన్స్ హాప్కిన్స్‌లో వైద్య గ్రంథసూచికల పనిలో ఉన్నప్పుడు, షెపర్డ్స్ సంస్థలో ఉపాధ్యక్షుడిగా చేసిన విలియం అడేర్ 1953లో ఆయనకు ఉత్తరం రాసి, వకీళ్ల పద్ధతి మీకు పనికొస్తుందేమో చూడండన్నాడు. గార్‌ఫీల్డ్ దాన్ని పట్టుకున్నాడు. 1955లో సైన్స్ పత్రికలో, విజ్ఞాన శాస్త్రానికంతటికీ ఉటంకింపుల సూచిక కావాలని వ్యాసం రాశాడు. ఫిలడెల్ఫియాలో ఇన్‌స్టిట్యూట్ ఫర్ సైంటిఫిక్ ఇన్ఫర్మేషన్ అనే సంస్థ పెట్టి, 1961 సంవత్సరపు 613 పత్రికలను జల్లెడ పట్టి, సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌ను ఐదు సంపుటాలుగా వెలువరించాడు. అందులో 14 లక్షల ఉటంకింపులున్నాయి.

ఆ పుస్తకం అమరిక ఎటువంటిదంటే, మన లెడ్జరు పుటలాంటిదే. పైన ఖాతా శీర్షిక, అంటే ఉటంకింపబడిన వ్యాసం రాసినవారి పేరు, సంవత్సరం, పత్రిక, సంపుటం, పుట. దాని కింద దాన్ని ఉటంకించిన వ్యాసాల వరుస. ఇంతవరకు అంతా సవ్యమే. కాని శీర్షికలో ఒక్క పేరుకే చోటు. వ్యాసాన్ని ఎంతమంది రాసినా మొదటి రచయిత పేరుతోనే ఖాతా తెరిచేవారు. ఏడాదికి 14 లక్షల పద్దులు చేతితో కొట్టించి, కార్డుల మీదికి ఎక్కించి, సన్నని అక్షరాల్లో అచ్చువేయవలసిన రోజుల్లో ఆ పొదుపు ఎందుకో అర్థం చేసుకోవచ్చు. కాని ఫలితం ఏమైంది? 1925 నాటి మన వ్యాసం ఖాతా "ఫిస్క్ సి.హెచ్." అనే శీర్షిక కింద చేరింది. వేలకు వేలుగా జమలు పడుతూ వచ్చినా ఆ పుటలో సుబ్బారావు పేరు లేదు.

బ్యాంకులో ఇద్దరి పేర జాయింటు ఖాతా ఉంటుంది. ఖాతా తెరిచే ఫారంలో ఇద్దరి సంతకాలూ ఉంటాయి. హక్కు ఇద్దరిదీ. కాని పని తొందరలో గుమస్తా మొదటి పేరే రాసి, పక్కన "మరొకరు" అని వదిలేస్తే, కొన్నాళ్లకు ఆ డబ్బు మొదటివారిదే అనిపిస్తుంది. ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. పుస్తకంలో గడి చిన్నది, అంతే. సుబ్బారావు గారి విషయంలో జరిగింది ఇదే. దీన్ని తెలుగువాడికి జరిగిన ప్రత్యేక అన్యాయంగా చెప్పడం సరికాదు. లోకంలో అన్నిటికంటె ఎక్కువ ఉటంకింపులు పొందినది ప్రొటీను కొలిచే పద్ధతి చెప్పిన 1951 నాటి వ్యాసం. 2014లో లెక్క తీసినప్పుడు దానికి 3 లక్షలకు పైగా ఉటంకింపులున్నాయి. అందరికీ తెలిసింది లౌరీ పేరు ఒక్కటే. ఆ వ్యాసం రాసినవారు నలుగురు.

పద్దు తయారైన తరువాత దాన్ని బొమ్మగా గీయాలన్న ఆలోచన వచ్చింది. 1960లో గార్డన్ అలెన్ అనే జన్యుశాస్త్రవేత్త కొన్ని వ్యాసాలు ఒకదాన్నొకటి ఎలా ఉటంకించాయో గీతలతో చూపే పటం గీసి గార్‌ఫీల్డ్‌కు పంపాడు. అది చూసిన గార్‌ఫీల్డ్, డి.ఎన్.ఏ. చరిత్రను ఈ విధంగా గీయవచ్చా అని 1964లో ఒక పరీక్ష చేశాడు. ఐజాక్ ఆసిమోవ్ జన్యుసంకేతం గురించి రాసిన పుస్తకంలోంచి సుమారు 40 ముఖ్య ఘట్టాలు తీసుకొని, ఆసిమోవ్ చెప్పిన సంబంధాలను ఉటంకింపుల పద్దుతో పోల్చి చూశాడు. మూడింట రెండు వంతులు సరిపోయాయి. అంటే చరిత్రకారుడి జ్ఞాపకానికీ, పద్దుకూ మధ్య మూడో వంతు తేడా ఉందన్నమాట. అందులో పొరపాటు ఎవరిదన్నది ఒక్కొక్కటిగా తేల్చవలసిన సంగతి. ఆడిటు చేసినవారికి ఇది కొత్త కాదు.

1963లో కెస్లర్, 1973లో హెన్రీ స్మాల్, అదే ఏడాది సోవియట్ రష్యాలో విడిగా ఇరీనా మర్షకోవా, వ్యాసాల మధ్య సామీప్యాన్ని కొలిచే రెండు దారులు చూపారు. అప్పుల భాషలో చెబితే ఇవి తేలిక. కొత్త వ్యాసం రాసేవాడు అప్పు అడిగేవాడు. అతడు ఉటంకించే పాత వ్యాసం అతని జామీను. ఇద్దరు ఋణగ్రహీతలు ఒకే మనుషులను జామీనుగా చూపితే ఆ ఇద్దరి మధ్య ఏదో సంబంధం ఉందనుకుంటాం గదా, అది కెస్లర్ దారి. ఇద్దరు జామీనుదార్ల పేర్లు ఎన్నో అప్పు కాగితాల్లో జంటగా కనబడితే ఆ ఇద్దరూ ఒక ఊరివారో ఒక వ్యాపారంవారో అనుకుంటాం, అది స్మాల్, మర్షకోవాల దారి. నేటి పటాలన్నీ ఈ రెండు దారుల మీదా, నేరుగా ఎవరు ఎవరిని ఉటంకించారన్న మూడో దారి మీదా నడుస్తున్నవే.

వీటిని ప్రోగ్రాములుగా మలిచినవారు అనేకులు. 1989లో హమ్మన్, డోరియన్ అనే ఇద్దరు గార్‌ఫీల్డ్ డి.ఎన్.ఏ. పటాన్నే తీసుకొని, అన్ని గీతల్లో ప్రధానమైన దారి ఏదో లెక్కగట్టే విధానం చెప్పారు. స్లొవేనియాలో బటగేల్, మ్రవార్ అనేవారు 1996లో మొదలుపెట్టిన పాయెక్ అనే ప్రోగ్రాములో ఆ విధానం చేరింది. పాయెక్ అంటే వారి భాషలో సాలీడు. గూడు అల్లేదానికి తగిన పేరే. 2000 తరువాతి తొలి ఏళ్లలో గార్‌ఫీల్డ్ స్వయంగా తన సహచరులతో హిస్ట్‌సైట్ తయారుచేయించాడు. అది వ్యాసాలను ఏళ్లవారీగా పైనుంచి కిందికి పేర్చి గీతలు గీసేది. ఇప్పుడు దానికి అధికారిక పోషణ లేదు. 2004లో చావోమెయ్ చెన్ సైట్‌స్పేస్‌ను ప్రకటించాడు. ఏ విషయం ఏ ఏడాది ఉన్నట్టుండి ఎగసిపడిందో అది చూపుతుంది. 2010లో హాలండ్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయంలో వాన్ ఎక్, వాల్ట్‌మన్‌లు వి.ఓ.ఎస్. వ్యూయర్‌ను వర్ణిస్తూ వ్యాసం రాశారు. దాని పటంలో రెండు చుక్కల మధ్య దూరమే వాటి సంబంధానికి కొలత. 2017లో ఇటలీనుంచి అరియా, కుక్కురుల్లోల బిబ్లియోమెట్రిక్స్ వచ్చింది.

ఇవి చాలావరకు ఉచితంగా దొరికేవే. నాబోటి కామర్సు మనిషి కూడా ఒక ఆదివారం కూర్చొని నేర్చుకోవచ్చు. అయితే నేర్చుకోవలసింది బొమ్మ గీయడం కాదు, ప్రోగ్రాముతో వచ్చే వివరణ పుస్తకాన్ని చదవడం. ఏ గీత దేనికి గుర్తు, ఏ చుక్క పెద్దదిగా ఎందుకుంది, ఏ పద్దుల్ని వదిలేశారు అన్నవి అందులోనే ఉంటాయి. ఉదాహరణకు 2020లో వచ్చిన కనెక్టెడ్ పేపర్స్ అనే సదుపాయంలో రెండు వ్యాసాలను గీత కలిపిందంటే ఒకటి రెండోదాన్ని ఉటంకించిందని అర్థం కాదు. పైన చెప్పిన రెండు దారుల్లో అవి దగ్గరగా ఉన్నాయని మాత్రమే అర్థం. ఆ సంగతి దాని తయారీదారులే స్పష్టంగా రాశారు. చదవనివాడు ఆ గీతను గురుశిష్య సంబంధంగా భ్రమపడతాడు.

ఇప్పుడు మన పేరు దగ్గరికి వద్దాం. సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తరువాత వెబ్ ఆఫ్ సైన్స్‌గా కంప్యూటర్ తెరమీదికి వచ్చింది. అందులోంచి దించుకునే దస్త్రాల్లో ఉటంకింపు పద్దు ఇప్పటికీ పాత తీరులోనే ఉంటుంది. ఫిస్క్ సి.హెచ్., 1925, పత్రిక పేరు, సంపుటం 66, పుట 375. ఆ దస్త్రాన్ని సైట్‌స్పేస్‌కు గాని, వి.ఓ.ఎస్. వ్యూయర్‌కు గాని ఇచ్చి ఉటంకింపబడిన వ్యాసాల పటం గీయమంటే, చుక్క మీద "ఫిస్క్, 1925" అని వస్తుంది. ఉటంకింపబడిన రచయితల పటం గీయమంటే అక్కడా ఫిస్కే. 1960లలో అచ్చు ఖర్చు కోసం చేసిన పొదుపు, ఖర్చే లేని కాలంలో కూడా బొమ్మకు ఎక్కింది. అదే డేటాబేసులో ఆ వ్యాసం అసలు రికార్డు తెరిస్తే రెండు పేర్లూ ఉంటాయి. కాని బొమ్మ చూసేవాడు రికార్డు తెరవడు.

1945లో లెడర్లీ ప్రయోగశాలనుంచి ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ ప్రకటించిన వ్యాసం సంగతీ అంతే. అందులో 16 మంది పేర్లున్నాయి, మొదటి పేరు యాంజియర్. జట్టును నడిపించిన సుబ్బారావు గారి పేరు మధ్యలో ఎక్కడో ఉంది. పటంలో ఆ చుక్క యాంజియర్ పేరుతోనే వెలుగుతుంది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరుతో ఉన్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి ఫలితం ప్రకటించాడు. ఆ మందు సుబ్బారావు గారి బృందంలో తయారైనదే. ఆ వ్యాసం రచయితల్లో ఆయన లేరు. మందు తయారుచేసి ఇచ్చినవారి ఋణం ఉటంకింపుగా పడదు, కృతజ్ఞతల్లో పడితే పడవచ్చు. ఈ ప్రోగ్రాములు ప్రధానంగా లెక్కించేది ఉటంకింపులనే.

పేరు రాసే తీరులో ఇంకొక చిక్కు ఉంది. మనకు ఇంటిపేరు ముందు, సొంతపేరు తరువాత. ఎల్లాప్రగడ సుబ్బారావు అని రాస్తే పాశ్చాత్యుల రివాజు ప్రకారం చివరి మాట వంశనామం అవుతుంది. అందువల్ల సూచికల్లో ఆయన "సుబ్బారావు వై." అయ్యారు. ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోయింది. అసలు పేరు వంశనామమై కూర్చుంది. రాష్ట్రేతర తెలుగువారికి ఈ బాధ ఇంకా ఎక్కువ. తమిళనాట మనవారిలో చాలామంది ఇంటిపేరు వదిలి తండ్రి పేరులోని మొదటి అక్షరం పెట్టుకుంటారు. కర్ణాటకలో ఊరిపేరు కూడా చేరుతుంది. మహారాష్ట్రలో ఇంటిపేరు చివరికి పోతుంది. ఒకే మనిషి మద్రాసులో చదివి, బెంగళూరులో ఉద్యోగం చేసి, పుణెలో వ్యాసం రాస్తే ముగ్గురు మనుషులుగా పటంలో తేలవచ్చు. ఒక ఖాతాదారుకు మూడు ఖాతాలు తెరిచినట్లే. దీనికి మందుగా 2012లో ఆర్కిడ్ అనే సంస్థ పరిశోధకులకు 16 అంకెల గుర్తింపు సంఖ్య ఇవ్వడం మొదలుపెట్టింది. పేరు ఎలా రాసినా సంఖ్య మారదు. వి.ఓ.ఎస్. వ్యూయర్‌లోనూ ఒకే పేరు రకరకాలుగా ఉంటే వాటన్నిటినీ ఒకటిగా చూడమని ఒక చిన్న పట్టిక తయారుచేసి ఇచ్చే వీలుంది. కాని ఆ పట్టిక రాయడానికి ఈ పేర్లు తెలిసిన మనిషి కావాలి. యంత్రానికి ఇంటిపేరు తెలియదు.

పద్దు తలుపులు ఈమధ్య కొంత తెరుచుకున్నాయి. చాలాకాలం ఉటంకింపుల వివరాలు చందా కట్టిన గ్రంథాలయాలకే దొరికేవి. 2017 ఏప్రిల్‌లో కొన్ని సంస్థలు కలిసి, ప్రచురణకర్తలు ఈ పట్టికలను అందరికీ వదిలిపెట్టాలని ఉద్యమం మొదలుపెట్టాయి. క్రాస్‌రెఫ్ అనే సంస్థలో జమ అయిన పట్టికలలో అంతకుముందు నూటికి ఒకటే బహిరంగంగా ఉండేది. ఉద్యమం ప్రకటించే నాటికే అది నూటికి 40 దాటింది. 2021 చివర మైక్రోసాఫ్ట్ అకడమిక్ మూతపడగా, 2022లో ఓపెన్‌అలెక్స్ అనే ఉచిత పద్దు వచ్చింది. అలెగ్జాండ్రియా గ్రంథాలయం పేరు పెట్టుకున్న ఈ పద్దులో ఉటంకింపు ఒట్టి పేరుగా కాక, ఉటంకింపబడిన వ్యాసపు పూర్తి రికార్డుకు ముడిపడుతుంది. అటువంటి పద్దు మీద గీసే పటంలో రెండో రచయితకు, పదహారో రచయితకు కూడా చోటు ఇవ్వవచ్చు. ఇన్నాళ్లకు గడి పెద్దదైంది. అందులో పేరు రాయడం ఇకమీదట పటం గీసేవారి బాధ్యత.

హార్వర్డ్‌లో పనిచేసి, ఇంగ్లీషులో రాసిన సుబ్బారావు గారి గతే ఇదైతే, తెలుగులో రాసినవారి మాటేమిటి? నిడదవోలు వెంకటరావు గారు దక్షిణదేశీయాంధ్ర వాఙ్మయం గురించి చేసిన కృషినే తీసుకోండి. తంజావూరు, మధుర నాయక రాజుల కాలపు సాహిత్యం మీద పనిచేసేవారెవరైనా దాన్ని తిరగవేయక తప్పదు. మద్రాసు, మధురై కామరాజ్, బెంగళూరు విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో జరిగిన పరిశోధనల చివరి పుటల్లో ఇటువంటి పుస్తకాల పేర్లు ఉంటాయి. ఆ చివరి పుటలను పద్దులోకి ఎక్కించినవారు లేరు. పద్దులో లేనిది పటంలో రాదు. పటంలో లేని విద్య అసలు లేనేలేదని అనుకునే రోజులు వచ్చాయి. ఉద్యోగోన్నతికీ, గ్రాంటులకూ ఈ లెక్కలనే చూస్తున్నారు. తెలుగు శాఖలో ఖాళీ భర్తీ చేయాలా వద్దా అన్న చర్చలో మన పరిశోధకుడు చూపగల లెక్క సున్నా అయితే నష్టం అతనిది ఒక్కడిదే కాదు, ఆ ఊళ్లో తెలుగు చదవదలచుకున్న పిల్లలది కూడా.

దీనికి పెద్ద సంస్థలు, పెద్ద యంత్రాలు వచ్చేదాకా ఆగనక్కరలేదు. గార్‌ఫీల్డ్ ఐదు సంపుటాలు కూడా ఒక్కొక్క కార్డుగానే మొదలయ్యాయి. ఒక ఊళ్లో జరిగిన యాభై సిద్ధాంత గ్రంథాల చివరి పుటలు తీసుకొని, ఏ గ్రంథం ఏ పుస్తకాన్ని ఉటంకించిందో రెండు గడుల పట్టికగా రాసుకుంటే పాయెక్ దాన్ని తీసుకొని పటం గీస్తుంది. తెలుగు చదవగలిగిన, ఓపిక ఉన్న ఇద్దరు ముగ్గురు చాలు. విశ్రాంత ఉద్యోగులకు మంచి పని. పద్దు రాసేటప్పుడు పాటించవలసిన నియమాలు కూడా కష్టమైనవేమీ కావు. ఇంటిపేరు పూర్తిగా రాయాలి. ఒక పేరును ఇంగ్లీషులో రాయవలసివస్తే ప్రతిచోటా ఒకే విధంగా రాయాలి. సంవత్సరం, అచ్చయిన ఊరు, పుట సంఖ్య వదలకూడదు. పుస్తకాన్ని ఇద్దరు రాస్తే ఇద్దరి పేర్లూ, ముగ్గురు రాస్తే ముగ్గురి పేర్లూ రాయాలి. "మొదలగువారు" అన్న మాట పద్దులో వాడకూడదు. మన పత్రికకు వ్యాసాలు పంపేవారు ఈ నెలనుంచే తమ పాదసూచికలను ఈ తీరున పంపితే, ఆ పట్టికకు మొదటి పుట ఇక్కడే తయారవుతుంది.